సాంబయ్య చేతుల తప్పు కాదు

రేపల్లె, 1968 ఆగస్టు, బుధవారం

మా ఆసుపత్రి పాత జీపు నెల రోజులుగా కాలవ గట్టు మీద నిలకడగా పోవడం లేదు, అటూ ఇటూ లాగేస్తోంది. డ్రైవరు సాంబయ్య తాగి తోలుతున్నాడేమోనని నా అనుమానం. పోయిన వారం మొహం మీదే అడిగేశాను. "లేదండి" అని తల దించుకున్నాడు.

ఇవాళ తెనాలిలో మెకానిక్కుకు చూపించాం. సాంబయ్యను స్టీరింగు కొద్దిగా అటూ ఇటూ తిప్పమని చెప్పి, మెకానిక్కు జీపు కిందకు దూరి ఒక్కొక్క జాయింటునూ చేత్తో పట్టి చూశాడు. స్టీరింగు బెత్తెడు తిరిగినా ముందు చక్రాలు కదలడమే లేదు.

"జాయింట్లు పూర్తిగా అరిగిపోయాయి బాబాయ్. ఇన్నాళ్ళూ కాలవలో పడకుండా ఎట్టా తోలావు?" అన్నాడు మెకానిక్కు.

కొత్తవి బిగించాక, తిరిగి వస్తుంటే దారిలో సాంబయ్య మెల్లగా అన్నాడు: "నా చేతుల్లోనే పట్టు పోయిందనుకున్నానండి డాక్టరమ్మ గారూ. వచ్చే నెల ఉద్యోగం మానేద్దామనుకున్నా. ఇంట్లో కూడా చెప్పలేదండి."

నాకు సిగ్గేసింది. "ఆ రోజు నిన్ను అలా అడగాల్సింది కాదు సాంబయ్యా" అన్నాను.

"అనుమానం ఉన్నా, రోజూ నన్ను నమ్మి ఎక్కారు కదండి" అన్నాడు.

వేరే బండి లేక ఎక్కానని చెప్పలేకపోయాను.