హిబా చూపుడువేలు

ఆర్మూర్,
సోమవారం.

దాదీకి సలాం.

నేను మీ మనవరాలు హిబాకు ఒకటో తరగతి చెప్పే టీచర్‌ని. మీ అబ్బాయి ఇజాజ్ చదివి వినిపిస్తాడని ఇది రాస్తున్నాను.

హిబా వారం నుంచి బడికి రావడం లేదు. "బచ్చీ నిద్రల వేలు ఆడిస్తున్నది, ఏదో సాయా పడ్డది, ఇగ బడికి పంపేది లేదు" అని మీరన్నారట. మీరు దయ్యం నీడ అనుకున్న ఆ సాయా నాదే దాదీ. పలక పట్టించే ముందు పిల్లలందరితో గాలిలో వేలితో అక్షరాలు దిద్దిస్తాను. పగలు దిద్దినవి కలలోకి కూడా వెళ్తాయని నాకూ తెలియదు.

నిన్న మధ్యాహ్నం మీ ఇంటికి వచ్చాను. మీరు తావీజు కోసం దర్గాకు వెళ్లారు. వాకిట్లో ఉడికించిన పసుపు ఆరబోసి ఉంది. దాని మీద పడ్డ ఎండ లోపలికి తిరిగి గోడలూ మంచమూ, నిద్రపోతున్న పిల్ల ముఖమూ అన్నీ పసుపురంగులో తేలుతున్నాయి. కల ఆ పిల్లదో నాదో తెలియలేదు. వేలు మెల్లగా కదులుతుంటే దాని కింద నా అరచేయి పెట్టాను.

రెండక్షరాలు రాసింది. కాసేపు ఆగి మళ్లీ అవే రాసింది. 'దాదీ' అని.

తావీజు కట్టండి, నేను వద్దనను. నా మాట మీద నమ్మకం కుదరకపోతే, పిల్ల పడుకున్నప్పుడు మీ అరచేయి పెట్టి చూడండి.

ఆ రెండో అక్షరం నేనింకా బడిలో చెప్పనే లేదు. ఎక్కడ నేర్చుకుందో హిబానే అడగాలి. రేపు పంపండి.

మీ హిబా టీచర్