గోవిందమ్మ పతకం

నంద్యాల,
1956, దసరా వెళ్ళిన వారం

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు కమలాక్షి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ మరిది మాత్రం రాజధాని కర్నూలు విడిచి హైదరాబాదుకు పోతోందని రోజూ పేపరు చదివి, మన ఇంట్లో సామాను ఎవరో బండికెత్తుతున్నట్టు బాధపడుతున్నాడు. మీ భూదేవికి పగిడ్యాల సంబంధం చూస్తున్నారని విన్నాను. ఎంతవరకు వచ్చింది?

నా పిచ్చి నీకు తెలుసు కదా. చిన్నప్పుడు అమ్మ నా నుదుటికి కట్టిన బంగారు రావిరేక దాచుకున్నాను చూడు, అక్కడ మొదలైంది. ఆ గుండె ఆకారం ఏ పాత నగలో కనపడినా నా కాలు ముందుకు పోదు. మద్రాసులో ఎవరో దొరసాని వేసుకున్న మూత తెరుచుకునే బిళ్ళ, బనగానపల్లె నుంచి వచ్చిన వజ్రాల లోలకులు, అన్నీ ఆ ఆకారమే. పిల్లలు లేని ఇల్లు. శుక్రవారం పెట్టె తెరిచి ఒక్కొక్కటే మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే పొద్దు పోతుంది.

మొన్న షరాబు రంగయ్య కబురు పెట్టాడు. పోయి చూస్తే పతకం. ఎరుపు తిరిగిన పాత బంగారం, అరచేతిలో నిండుగా కూర్చునే గుండె, అంచు చుట్టూ పాతకాలపు వజ్రాలు. ఇప్పటి రాళ్ళలా కళ్ళలో గుచ్చుకోవు, నీళ్ళ అడుగున దీపం పెట్టినట్టు మసకగా వెలుగుతాయి. ఎవరిది అని అడిగితే, "పోయినామెదిలేమ్మా. ఇంట్లో పెట్టుకోనీకి భయపడి ఎప్పుడో అమ్మేసినారు. చేతులు మారి మారి నా కాడికొచ్చింది" అన్నాడు. అయినా తీసుకున్నాను.

అది వేసుకుని మహానంది పోయి వచ్చాను. ఇక్కడ బస్సు దిగుతుంటే ఒకామె నిలబడి ఉంది. తెల్ల చీర, తల నిండా కొంగు. ఆమె నా ముఖం చూడలేదక్కా, నా మెడ చూసింది. నేను జనంలోంచి ఇవతలికి వచ్చేసరికి లేదు. మళ్ళీ నిన్న దీపాలు పెట్టే వేళ, మా ఇంటి ఎదుట పత్తి జిన్నింగు మిల్లు గోడ దగ్గర అదే తెల్ల చీర. ఆయన్ను పిలుచుకొచ్చి చూపిస్తే, "ఏందీ, గోడను చూపిస్తాండావ్?" అని నవ్వాడు. నిజంగా గోడ తప్ప ఏమీ లేదు.

నువ్వైనా నవ్వకు.

నీ కమలాక్షి

*

ఆళ్ళగడ్డ,
దీపావళి ముందర

చెల్లెలు కమలాక్షికి,

మీ అక్క దీవించి రాసేది. నాకు నవ్వు రాలేదు. ఎవరి మెడలోవో తెచ్చి మెడలో వేసుకుంటావు, వాళ్ళెవరో అడగవు. నాకు ముందు నుంచీ నచ్చని పనే ఇది.

పోయినవాళ్ళతో కాపురం ఎట్లుంటుందో నాకు తెలుసు. మీ బావ మొదటి భార్య గోవిందమ్మ కుందూ ఏట్లో పడి పోయిందని, శవం కూడా దొరకలేదని, ఒడ్డున చెప్పులు మాత్రం మిగిలాయని చెప్పి కదా నన్ను ఈ ఇంటికి తెచ్చారు. అప్పటికి ఆమె బిడ్డ భూదేవికి మాటలు కూడా సరిగా రాలేదు. ఆ బిడ్డను నేను నా బిడ్డగానే పెంచాను. కానీ గేదె చస్తే గోవిందమ్మ, వాన రాకుంటే గోవిందమ్మ, నా కడుపు పండకుంటే గోవిందమ్మ. ఏటా పసుపు ముద్ద చేసి ఆమె పేరున చీర పెట్టి మొక్కుతున్నాను. మొక్కేటప్పుడు వెనక ఎవరో నిలబడినట్టుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తిరిగి చూడలేదు.

నీ జాబు భోజనాల దగ్గర చదివి వినిపించాను. పతకం సంగతి రాగానే మా అత్త చెయ్యి ఆగిపోయింది. "ఆ గుండెకు కింద మొనలో రాయి ఏ రంగుదో అడుగు" అన్నది. మీ బావ అన్నం వదిలేసి లేచి పోయాడు. అడిగితే ఇద్దరూ నోరు తెరవరు.

కింద మొన చూసి వెంటనే రాయి. పగిడ్యాల వాళ్ళు సరే అన్నారు. మాఘంలో ముహూర్తం ఉంటుంది.

మీ అక్క రంగమ్మ

*

నంద్యాల,
దీపావళి మూడోనాడు

ప్రియమైన అక్కకు,

నీ జాబు చదువుతూనే పెట్టె తెరిచాను. చుట్టూ వజ్రాలే, కింద మొనలో మాత్రం కెంపు. ఎర్రది. నేను అది నీకు రాయలేదే! మీ అత్తకు ఎట్లా తెలిసింది?

ఆ క్షణం నుంచి పతకాన్ని ముట్టుకోలేదు. వేసుకోకపోతే ఆమె రాదనుకున్నాను. వచ్చింది. పండగనాడు వాకిట్లో దీపాలు పెట్టి తలెత్తితే మిల్లు గోడ దగ్గరే ఉంది. టపాకాయల వెలుగు పడినప్పుడల్లా కనపడుతుంది, ఆరిపోగానే చీకటి. నా చేతిలో ప్రమిద జారి పగిలింది. జ్వరం పట్టుకుంది. కళ్ళు మూసుకుంటే నా పెట్టెలోని నగలన్నీ మెడలతో సహా కనపడుతున్నాయి అక్కా. నేను ఇన్నాళ్ళూ బంగారం తుడుస్తున్నాననుకున్నాను.

ఇది గోవిందమ్మదేనా? దాచకుండా చెప్పు.

నీ కమలాక్షి

*

ఆళ్ళగడ్డ,
కార్తీకం

కమలాక్షికి,

ఆమెదే. మా అత్త ఒప్పుకుంది. "బిడ్డ పెండ్లి తెల్సి వచ్చినట్టుండాది. ఆ పతకం తీస్కపోయి ఆమె పోయిన కుందూలోనే ఎయ్యమను" అని ఒకటే పోరు. మీ బావ మాత్రం, "ఏటిలో ఎయ్యొద్దు" అని ఒక్కమాట అని పొలానికి పోయాడు. చీకటి పడినా రాలేదు.

నాకేదో అనుమానంగా ఉంది. దయ్యానికి భయపడేవాళ్ళు ఇట్లా ఒకరి ముఖం ఒకరు తప్పించుకుని తిరగరు. నువ్వు ఏటికి పోవద్దు. ఈసారి ఆమె వస్తే పలకరించు. నీకు భయమని తెలుసు. నాకోసం పలకరించు. దయ్యమైతే మాయమవుతుంది. మాయం కాకపోతే ఏమి చెబుతుందో విని, ఉన్నది ఉన్నట్టు నాకు రాయి.

మీ అక్క రంగమ్మ

*

నంద్యాల,
డిసెంబరు, 1956

ప్రియమైన అక్కకు,

ఈ జాబు ఒక్కదానివే చదువుకో.

నిన్న మధ్యాహ్నం, ఎండ బాగా ఉండగానే వచ్చింది. నువ్వు చెప్పావు కాబట్టి వీధి దాటాను. కాళ్ళకు చెప్పులు వేసుకోవడం కూడా మరిచాను. ఆమె మాయం కాలేదు. వెనక్కి జరిగింది.

"దగ్గరికి రావద్దు తల్లీ, ఎవురన్నా చూస్తే నీకు మాటొస్తాది" అన్నది.

"ఎవరమ్మా నువ్వు? యాడినుంచి వస్తాండావ్?" అన్నాను.

"ఆసుపత్రిలో పని చేస్తా. ఉండేదీ ఆ పక్కనే. ఆ పొద్దు బస్సు కాడినుంచి నీ ఎనకే వచ్చి ఇల్లు చూసుకున్నా. నీ మెడలో ఉండేది ఇంకొకసారి చూసి పోదామని. అంతే తల్లీ, ఇంగేం లేదు."

నేను లోపలికి పోయి పతకం తెచ్చి చూపించాను. ఆమె ముట్టుకోలేదు. వంగి కింద మొన చూసింది. "మా పాప కొరికింది" అన్నది. "పండ్లొచ్చేటప్పుడు రొమ్ము మీద పండుకొని దీన్నే నోట్లో పెట్టుకుంటాండె. ఒక రాయి ఊడిపాయె. మింగిందేమోనని ఇంటిల్లిపాదీ ఏడ్చినాం. ఆ జాగాలో మా అత్త కెంపు పెట్టించింది."

పాప పేరేమిటని అడిగాను.

"భూదేవి" అన్నది.

అక్కా, గోవిందమ్మ బతికే ఉంది.

ఆమెను ఇంట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నేల మీదే కూర్చుంది. కొంగు తీసింది. ముఖం నీ వయసు ఆడవాళ్ళ ముఖంలాగే ఉంది. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం ముడుచుకున్నాయి. భుజం మీద ఒక మచ్చ లేచిందట. దీపం సెగ తగిలినా అక్కడ తెలియలేదట. వైద్యుడు చూసి పెద్దరోగం అన్నాడు. ఆ మాట బయటికి వస్తే కుష్ఠు ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు? ఏడ్చి ఏడ్చి ఆమే బావతో అన్నదట, "కుందూలో పడి పోయినానని చెప్పు" అని. నగలన్నీ తానే ఒలిచి అత్త ముందర పెట్టింది. బావ చీకటి ఉండగానే బండి కట్టి ఇక్కడి మిషన్ ఆసుపత్రి దగ్గర దింపి, వెనక్కి పోతూ ఒడ్డున చెప్పులు వదిలాడు.

ఏళ్ళ తరబడి మందు తిన్నది. కొత్త మాత్రలు వచ్చాక నయమైంది. ఇక నీవల్ల ఎవరికీ అంటదని డాక్టరే చెప్పాడట. అక్కడే క్రైస్తవ మతంలో కలిసింది, జీవమ్మ అని పేరు పెట్టారు. ఇప్పుడు రోగుల పుండ్లకు కట్లు కట్టే పని. బస్సు దగ్గర నా మెడలో తన పతకం కనపడేసరికి, చచ్చిన తనను తానే చూసినట్టయిందట.

నేను ఎవరి చెల్లెలినో చెప్పాను. ఆమె, "మీ అక్క నా బిడ్డ తలకు నూనె పెడ్తాదా?" అని అడిగింది. పెడుతుందన్నాను. అప్పుడు ఏడ్చింది. నా చేతిలోంచి పతకం తీసుకుని బుగ్గకు ఆనించుకుని మళ్ళీ ఇచ్చేసింది. "పోయినదాని నగ నాకెందుకమ్మా" అన్నది. పెళ్ళి జరిగిపోయేదాకా, జరిగినాక కూడా, తన సంగతి ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోబోయింది. నేను వేయలేదు. ఇది దాచి నీ ముఖం ఎట్లా చూడను?

ఇక నీ ఇష్టం అక్కా.

నీ కమలాక్షి

*

ఆళ్ళగడ్డ,
1957, ఉగాది వెళ్ళినాక

చెల్లెలు కమలాక్షికి,

ఇన్ని నెలలు జాబు రాయలేదని నువ్వు ఎన్ని రకాలుగా అనుకున్నావో. చేతకాలేదు. మొదట నాకు జాలి రాలేదు. భయం వేసింది. ఇంతకాలం నేను ఎవరి ఇంట్లో ఉన్నాను, ఎవరి మంచం మీద పడుకున్నాను, బతికున్న మనిషికి పసుపు ముద్ద పెట్టి మొక్కానా అని. చచ్చినామెతో వేగాను, బతికొస్తే ఎట్లా వేగను అని కూడా అనుకున్నాను. నీ దగ్గర దాచేదేముంది.

మీ బావను కళ్ళం దగ్గర పట్టుకుని నీ జాబు సంగతి అడిగాను. జొన్న కుప్ప మీద కూలబడ్డాడు. నేను తిట్టాలనే పోయాను. ఆయన, "ఉండాదా?" అన్నాడు. ఆ గొంతు విని నా తిట్లన్నీ మరిచిపోయాను. నన్ను చేసుకున్న కొన్నేళ్ళకు ఆసుపత్రి గేటు దాకా పోయాడట. అక్కడ కాపలా ఉండే మత్తయి అనే ఆయన, "గోవిందమ్మ అనేటోళ్ళు ఈడెవురూ లేరప్పా" అన్నాడట. పేరు మారిందని ఈయనకేం తెలుసు? "నేను చెప్పిన అబద్ధమే నిజమాయె అనుకున్నా. నా నోటితోనే సంపుకున్నా అనుకున్నా" అని తల పట్టుకున్నాడు. కుందూ దాటాల్సి వస్తే ఆయన బండిలో కళ్ళు మూసుకునేది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ముందు పెళ్ళి కానిద్దామన్నాడు. నేనూ సరే అన్నాను. కానీ పిల్ల తలకు నూనె పెడుతుంటే నీ జాబులోని మాట గుర్తొచ్చి చేతులు ఆగిపోయేవి. ఒకనాడు చెప్పేశాను.

భూదేవి ఏడవలేదు. "నేనుండానని ఆమెకు తెల్సా?" అన్నది. తెలుసన్నాను. "నాకొక్కదానికే తెలీదన్నమాట" అన్నది. జడ తానే వేసుకుని లేచింది. వాకిట్లో ఉన్న తండ్రి దగ్గరికి పోయి, "నాయనా, పగిడ్యాలోళ్ళకు చెప్పు. తెల్సి చేసుకుంటే చేసుకుంటారు. లేకుంటే లే" అన్నది.

మీ బావ పోయి చెప్పాడు. వాళ్ళు వాకిట్లోనే మజ్జిగ ఇచ్చారట. సంబంధం వద్దన్నారు. ఈయన వీధి మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే, తాను తాగిన గ్లాసును కర్రతో దొర్లించి బయట పడేస్తున్నారట. ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం తిరక్కుండా ఆళ్ళగడ్డంతా తెలిసింది. మన ఇంటి ముందర నడిచేవాళ్ళు వీధికి అవతలి పక్క నుంచి నడుస్తున్నారు. మా అత్త గది తలుపు వేసుకుని నాతో మాట మానేసింది.

ఉగాది మర్నాడు మీ బావ ఎవరికీ చెప్పకుండా నంద్యాల బస్సెక్కాడు. నీ ఇంటికి రాలేదు. నేరుగా ఆసుపత్రికి పోయాడు. ఆమె రానన్నదట. ఈయన గేటు దగ్గరే కూర్చున్నాడట, వచ్చేదాకా లేవనని. చివరికి ఆమె వచ్చి, ఇక్కడ ఒక్కరోజే ఉండి మళ్ళీ తన రోగుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఈపాటికి నిన్ను కలిసే ఉంటుంది. మన ఇల్లు తనకు వద్దని, నెలకొకసారి వచ్చి పోతానని నాకు మాట ఇచ్చింది. ఆ పతకం కూడా నీ దగ్గరే ఉండనీయమంది. ఆమె ఎట్లా చెప్పి ఉంటుందో తెలియదు గానీ, వచ్చిన సంగతి నేనూ చెప్పాలి.

మిట్టమధ్యాహ్నం బస్సు దిగారు. బజారు నడిమధ్య నుంచి నడిపించుకొచ్చాడు. ఈయన ముందు నడవలేదు కమలాక్షీ, పక్కన నడిచాడు. అంగళ్ళలోని వాళ్ళందరూ లేచి నిలబడి చూశారు. ఆమె మెట్ల కింద ఆగిపోయింది. నేను గడపలో ఉన్నాను. ఇన్నేళ్ళు నా వెనక నిలబడిన మనిషి నా ఎదుట ఉంది. చివరికి చెంబుతో నీళ్ళు తెచ్చి, "కాళ్ళు కడుక్కో అక్కా, లోపలికి రా" అన్నాను.

తలుపు వేసిన గదిలోంచి మా అత్త అరిచింది. "ఎవురే వచ్చింది?"

భూదేవి వంటింట్లోంచి వచ్చి మెట్లు దిగింది. ఆమె ముడుచుకున్న వేళ్ళు కొంగులో దాచుకోబోతుంటే ఆ చేతినే పట్టుకుంది.

"మా అమ్మొచ్చింది జేజీ!" అన్నది.

నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఎంతసేపటికో గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకోలేదు గానీ, మా అత్త గొంతు మాత్రం వచ్చింది.

"ఎండన పడి వచ్చుంటాది. అన్నం పెట్టండి."

ఇట్లు నీ మేలు కోరే
అక్క రంగమ్మ