చేతులు మారిన చిన్ని

ఆదివారం రాత్రి, నరసాపురం

చింపాంజీ తల్లి నెలల తరబడి పిల్లను ఎవరి చేతికీ ఇవ్వదు, మనిషి తల్లి ఇస్తుంది, సమాజానికి పునాది అక్కడే పడిందని ఆరేళ్లుగా సోషియాలజీ క్లాసులో చెబుతున్నాను. నా ఐదు నెలల చిన్నిని మాత్రం అత్తయ్యగారికి కూడా వదల్లేదు. చింపాంజీనే నయం!

ఇవాళ గోదావరి దాటుతుంటే పంటు మీద చిన్ని గుక్కపట్టి ఏడ్చింది. "ఇలా ఇవ్వండమ్మా" అంటూ చేపలమ్మే ఆవిడ అందుకుంది. ఆవిడ నుంచి లేసు అల్లే మామ్మగారికి, ఆ పక్కావిడకి... ఒడ్డు చేరేసరికి చిన్ని కిలకిలా నవ్వుతోంది.

రేపు మళ్లీ కాలేజీలో చేరాలి. భయంగానే ఉంది. ఇంటికి రాగానే చిన్నిని అత్తయ్యగారి ఒళ్లో పెట్టాను.

"నాకేనా?" అన్నారావిడ.

పక్కగదిలో ఇద్దరూ నవ్వుతున్నారు. నేను వెళ్లడం లేదు.