దిజోన్‌లో దిగిపోతాను

వాన్దెనెస్ రేవు,
మంగళవారం

ఫెర్నాండ్ అక్కా,

నా ఒళ్లు మండిపోతోంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఈ పడవలో ఉన్న పింగాణీ అంతా కాలువ పాలయ్యేలా ఉంది, అందుకని నీకు రాస్తున్నాను. నేను ఎక్కడ పుట్టానో తెలిసి, నాతో ఇంకా మాట్లాడుతున్న మనిషివి నువ్వొక్కదానివే కదా.

మా పెళ్లిరోజుకి రెజిస్ ఇచ్చిన బహుమతి ఏమిటో తెలుసా? పడవ. వారం రోజులకి అద్దెకు తీసుకున్న తెల్లటి సరదా పడవ. పుయీ దగ్గర ఎక్కి, బుర్గుండీ కాలువ వెంట ఒక్కో లాకూ దిగుతూ, దిజోన్ మీదుగా సాన్ జాన్ ద లోన్ దాకా. అవును, నీ పడవ కట్టేసి ఉన్న ఆ లోన్ రేవుకే! కవరు నా చేతిలో పెట్టి, "ఎప్పుడూ ఇంటిపనే కదా, నీళ్ల మీద నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో" అన్నాడు. నీళ్ల మీద విశ్రాంతట! నడక రాకముందే నడుముకి తాడు కట్టి పడవ గది గుమ్మానికి ముడేస్తే, ఆ తాడు పొడవెంతో నా లోకం అంతే. తాడు విప్పిన మర్నాటినుంచీ చేతికి మోకు ఇచ్చారు. చలికాలం అరచేతులు పగిలి నెత్తురొస్తే అమ్మ పందికొవ్వు రాసి మళ్లీ మోకు దగ్గరికే పంపేది. ఆ జైల్లోంచి బయటపడి నేల మీద ఇల్లు కట్టుకున్నదాన్ని, పట్టుకొచ్చి అందులోనే కూర్చోబెట్టి శుభాకాంక్షలు చెబుతున్నాడు. పోనీ నోరారా తిడదామా అంటే, తిట్టాలంటే ముందు నేనెవరో చెప్పాలి.

నేను కాపురానికి వెళ్లిన వారంలోనే మా అత్తగారు కిటికీలోంచి ఎవరినో చూసి, "పడవవాళ్లు వచ్చి వెళ్లాక చెంచాలు లెక్కపెట్టుకోవాలి" అంది. ఆ రోజే నా నోటికి తాళం పడింది. మా నాన్నది సరుకు రవాణా వ్యాపారం అన్నాను. మా అక్క బెల్జియంలో ఉంటుంది, రాకపోకలు లేవు అన్నాను. నీకివన్నీ తెలుసు, నువ్వే ఒప్పుకున్నావు కూడా. ఓర్లెయాన్‌లో చెప్పుల దుకాణం కుటుంబంలో బతకడం ఎలాగో పడవలో ఉన్న నీకు తెలియదు; నువ్వు ఎప్పుడన్నా నొచ్చుకున్నావేమో, నేను మాత్రం అది ఆలోచించే తీరిక కూడా లేకుండా భయపడ్డాను.

చాలదన్నట్టు మా ఆడపడుచు ఎడిత్ కూడా తయారైంది. మొగుడు పోయి ఒంటరిగా ఉందని రెజిస్ పిలిచాడట. నిన్న ఇసుక పడవ ఒకటి ఎదురొచ్చింది. పైన తీగ మీద పసిపిల్ల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. "పాపం, ఈ జనం స్నానాలు ఎక్కడ చేస్తారో" అంది. నేను జున్ను కోస్తున్నాను. కత్తి చెక్కలో దిగబడింది.

ఇక మా సరంగుగారి సంగతి, అదే, రెజిస్ సంగతి. లంగరు బొమ్మ ఉన్న టోపీ కొనుక్కున్నాడు. చుక్కాని దగ్గరికి నన్ను రానివ్వడు. "నువ్వు హాయిగా కూర్చో లుసెట్, నేనున్నాగా" అంటాడు. పడవ ఆ గట్టుకీ ఈ గట్టుకీ తాగినవాడిలా కొట్టుకుంటూ పోతోంది. నేను పన్నెండేళ్లకే నిండు బొగ్గుతో మన పడవ మువెట్‌ని వంతెన కింద రంగు చెదరకుండా దాటించినదాన్ని. ఒళ్లో చేతులు పెట్టుకుని ప్రకృతి చూస్తున్నాను.

నీ ఉత్తరం నాకు అందింది. ఆదివారం మధ్యాహ్నం మువెట్ మీద ఆఖరి భోజనం, సోమవారం పడవని ముక్కలు చేయడానికి ఇచ్చేస్తున్నామని రాసి, మొగుణ్ణి తీసుకుని అందరిలా రమ్మన్నావు. ఎలా వస్తాను? లోన్ రేవులో ప్రతి ముసలమ్మకీ నా మొహం తెలుసు. మన వాళ్లకి పడవ పేరే ఇంటిపేరు. "మువెట్ లుసెట్ వచ్చిందే" అని ఒక్కరు కేకేస్తే నా కాపురం అంతటితో సరి. అందుకని దిజోన్‌లో పన్ను నొప్పి అని చెప్పి దిగిపోతాను. రైలెక్కి ఇంటికి పోతాను. జవాబు రాయకు. లాకు మనిషి చేతికి ఉత్తరం ఇచ్చి పడవకి అందించే మన పాత అలవాటు అసలే వద్దు, నీకు దణ్ణం పెడతాను.

నీ చెల్లెలు,
లుసెట్


ఊష్ లోయ,
గురువారం

అక్కా,

ఈ రోజు ఈ మనిషి మమ్మల్నందర్నీ చంపబోయాడు.

లాకులో కిందికి దిగేటప్పుడు మోకుని గుంజ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి చేత్తో పట్టుకోవాలి, నీళ్లు తగ్గేకొద్దీ వదులుతూ పోవాలి. తాడు కట్టిన పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మా సరంగుగారు గుంజకి మూడు ముళ్లు వేసి, చేతులు దులుపుకుని, వైను సీసా తెరవడానికి వెళ్లాడు. నేను లోపల పుట్టగొడుగులు వేయిస్తున్నాను. ఉన్నట్టుండి బాండీ పక్కకి జారింది. దాని వెనక పళ్లాలు, వాటి వెనక ఎడిత్. నీళ్లు దిగిపోతున్నాయి, పడవ మాత్రం మోకు పట్టుకుని గోడకి వేలాడుతోంది. కిటికీలోంచి చూస్తే ఒక పక్క ఆకాశం, ఒక పక్క నాచు.

బ్రెడ్డు కోసే కత్తి చేతికి దొరికింది. పైకి పాకాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలు నావి కావు, నాన్నవి. "షట్టర్లు దించరా గాడిదా, నీళ్లాపు, నిద్రపోతున్నావా!" అని లాకు మీద ఉన్న పెద్దాయన మీద అరిచాను. ఆయన పేరు గాస్పార్. పొద్దుటినుంచీ మోపెడ్ మీద మా పక్కనే వస్తూ లాకులు తీస్తున్నాడు. పరిగెత్తి షట్టర్లు దించాడు. నేను మోకు కోసేశాను. పడవ దబ్బున నీళ్లలో పడింది. ఎడిత్ ఏసుక్రీస్తుని పేరుపెట్టి పిలుస్తోంది.

గాస్పార్ గట్టు మీద వంగి నన్నే చూస్తూ, "ఏ పడవ మనిషివమ్మా నువ్వు?" అని అడిగాడు.

"నేను ఓర్లెయాన్ మనిషిని" అన్నాను.

"అలాగా. ఓర్లెయాన్‌లో బాగానే నేర్పుతారన్నమాట" అని మీసాల్లో నవ్వుకుంటూ పోయాడు.

రెజిస్ ఏమన్నా అడుగుతాడేమోనని ఒలికిన పుట్టగొడుగులు ఏరుతూ కూర్చున్నాను. ఏమీ అడగలేదు. తెగిన మోకు చుట్టుకుంటూ, "నీకు దెబ్బ తగల్లేదు కదా" అన్నాడు, అంతే. పైగా మొహంలో ఏదో చిన్న నవ్వు. పెళ్లాం కత్తి పుచ్చుకుని కలాసీలా బూతులు తిడితే నవ్వే మొగుణ్ణి ఎక్కడన్నా చూశావా? ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండింది. తోసెయ్యాలనిపించింది.

ఇప్పుడు నిశ్చయంగా చెబుతున్నాను. శనివారం పొద్దున్నే దిజోన్‌లో దిగిపోతాను. ఇంకో లాకు దగ్గర ఇలాంటిదే జరిగితే నా నోరు నా మాట వినదు. నువ్వు బల్ల వేసుకో, మీవాళ్లతో తిను, నా కోసం కుర్చీ వేయకు. మువెట్‌ని ముక్కలు చేస్తే నాకేమిటి? చేయనీ. ఎప్పుడో చేయవలసింది.

లుసెట్


లోన్ రేవు,
శుక్రవారం

లుసెట్,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. లాకు మనిషి చేతికి ఇవ్వొద్దన్నావు, మా వాడు బండేసుకొచ్చి గాస్పార్ చేతికే ఇస్తాడు. మన వాళ్ల పద్ధతిలోనే కవరు మీద పేరు రాశాను. ఇన్నేళ్లూ నువ్వు చెప్పినట్టు విన్నాను. ఇంక వినను.

జైలంటావు. నేను ఆ జైల్లోనే కాపురం చేశాను, ముగ్గుర్ని కన్నాను, నా పిల్లల నడుములకీ తాడు కట్టాను. తాడు కట్టకపోతే ఏమవుతుందో నీకు తెలియదా? పక్క పడవ వాళ్ల పిల్లాణ్ణి ఎక్కడినుంచి తీశారో నువ్వూ చూశావు. అమ్మ నీకు తాడు కట్టింది కాబట్టే ఈ రోజు కూర్చుని ఉత్తరాల్లో అమ్మని తిట్టగలుగుతున్నావు. నిన్ను బడికి పంపాలంటే నీ వంతు మోకు ఎవరో లాగాలి. ఎవరు లాగారో ఎప్పుడన్నా అడిగావా?

నీ పెళ్లికి నేను బెల్జియంలో ఉన్నాను. నీ కూతురి బారసాలకీ బెల్జియమే. నా జన్మలో ఆ దేశం మొహం చూడలేదు. ఒప్పుకున్నాననే అంటున్నావు. నువ్వు ఏడుస్తూ అడిగావు, అక్కని కాబట్టి ఒప్పుకున్నాను. ఒప్పుకున్నంత మాత్రాన నొప్పి లేదనుకున్నావా?

ఇంకొకటి విను. ఇది నేను చెప్పనని మాటిచ్చాను. ఈ రోజుతో ఆ మాట చెల్లు.

నీ పెళ్లైన కొత్తలో నాన్న పోయినప్పుడు మేమిచ్చిన టెలిగ్రాం ముందు మీ ఆయన చేతికే వెళ్లింది. చదివి, మళ్లీ అంటించి నీ బల్ల మీద పెట్టాడట. నువ్వు జ్వరమన్నావు, రాలేదు. అతను వచ్చాడు. అందరి వెనకా టోపీ తీసి నిలబడ్డాడు. నాన్న శవపేటికని పడవ పలక మీదుగా గట్టుకి దించేటప్పుడు ఒక చేయి తక్కువైతే అతను పట్టుకున్నాడు. పలక మీద నడవడం రాక నాన్నతో సహా నీళ్లలో పడబోయాడు. ఆ ఏడుపులోనూ మీ బావ నవ్వాడు. అప్పటినుంచీ ఏటా సమాధుల పండుగకి తోలు కొనాలని నీతో చెప్పి ఇక్కడికి వస్తాడు. నాన్న దగ్గర చామంతులు పెడతాడు, నా చేతి చేపల పులుసు తింటాడు, పోతాడు. "లుసెట్ తనంతట తను చెప్పేదాకా నేను అడగను వదినా, మీరూ చెప్పకండి" అంటాడు. ఈ పడవ అద్దెకి తీసుకోవడం అతని సొంత తెలివి. ఆదివారం సంగతి అతనికి చెప్పింది మాత్రం నేనే.

మంచివాడు, కాదనను. ఆ మంచితనమంటే నాకు విసుగు పుట్టింది. పాతికేళ్లుగా ఒక చేత్తో నీ అబద్ధం, ఒక చేత్తో అతని మౌనం మోశాను. చేతులు ఖాళీ లేవు నాకు. సోమవారం పడవ పోతుంది, మంగళవారంనుంచి నేనూ నేల మీద అద్దె గదిలో ఉంటాను. అప్పుడు నన్ను ఏ దేశంలో పెడతావు?

ఆదివారం మధ్యాహ్నం బల్ల వేస్తాను. కుర్చీ వేస్తాను. వస్తే నా చెల్లెలిగా రా. దిజోన్‌లో దిగిపోతే మాత్రం ఇంక నాకు ఉత్తరం ముక్క రాయకు.

ఫెర్నాండ్


దిజోన్ దిగువన,
శనివారం

అక్కా,

ముందుగా చెబుతున్నాను, నేను దిజోన్‌లో దిగాను. పూర్తిగా చదువు.

పొద్దున్న లాకు దగ్గర గాస్పార్ కవరు పైకెత్తి, గట్టంతా వినపడేలా, "మువెట్ లుసెట్ ఎవరమ్మా, ఉత్తరం!" అని అరిచాడు. ఎడిత్ అటూ ఇటూ చూస్తోంది. రెజిస్ కాఫీ గిన్నె తోముతూ, తల కూడా ఎత్తకుండా, "నీకే లుసెట్, తీసుకో" అన్నాడు.

లాకు తలుపు మీద నిలబడే చదివాను. చదివి వచ్చి, అతని నెత్తిమీది టోపీ లాగి కాలువలో విసిరేశాను.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మీ నాన్న పోయినప్పటినుంచి."

"ఎందుకు అడగలేదు?"

"నువ్వు దాచుకున్నదాన్ని నేనెలా అడగను? రేపోమాపో చెబుతావులే అనుకున్నాను."

"పాతికేళ్లు పట్టిందా నీకు రేపోమాపో?"

"మొదటి పదేళ్లు ఎదురుచూశాను. తర్వాత మొదలుపెట్టడం ఎలాగో తెలియలేదు" అన్నాడు తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

నేను అరవడం మొదలుపెట్టాను. ఈ పాతికేళ్లూ ప్రతి మాటా తూచి మాట్లాడాను. అరచేతుల మచ్చలు కనపడకుండా ఎండాకాలంలో కూడా చేతి తొడుగులు వేసుకున్నాను. నాన్న పోయాడని తెలిసిన రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను, బయటికొచ్చి బంగాళాదుంపలు వలిచాను. ఆ వారమే ఈ మనిషి మా నాన్నని మోసుకుంటూ ఉన్నాడు! ఏటా మా నాన్న మీద పూలు పెట్టి ఇంటికొచ్చి, రాత్రికి వంటేమిటని అడిగాడు. "నా తండ్రి సమాధి నాకు తెలియదు, నీకు తెలుసు. నా ఏడుపు కూడా నువ్వే ఏడ్చావు కదా, నాకేం మిగిల్చావు?" అన్నాను. అప్పుడు అతని మొహం పాలిపోయింది. "అది నాకు తట్టలేదు. అది తప్పే" అన్నాడు. నేను జాలి పడలేదు. ఇప్పటికీ పడటం లేదు.

ఎడిత్‌కి ఏమీ అర్థం కాలేదు. "ఎవరీ ఫెర్నాండ్?" అంది. "మా అక్క" అన్నాను. "బెల్జియంలో ఉండేదా?" "బెల్జియం లేదు, గిల్జియం లేదు వదినా. పడవలో పుట్టింది, పడవలోనే ఉంది. నేనూ అందులోనే పుట్టాను. కావలిస్తే వెళ్లి చెంచాలు లెక్కపెట్టుకో" అన్నాను. ఆవిడ రెజిస్ వైపు తిరిగి, "నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదన్నమాట" అని అతని మీద అలిగింది. ఇప్పుడు పడవలో అందరికీ అందరి మీదా కోపమే.

దిజోన్ రాగానే పెట్టె పట్టుకుని దిగాను. పన్ను నొప్పి అనే మాట కూడా ఎత్తలేదు. రెజిస్ ఆపలేదు, పెట్టె అందించాడు. ఆపి ఉంటే కొట్టేదాన్ని. స్టేషనుకి వెళ్లి టికెట్టు కొన్నాను, బెంచీ మీద కూర్చున్నాను. రైలొచ్చింది. తలుపు దగ్గర నిలబడి ఆలోచిస్తే, ఇంటికి పోయి నేను అరవాలంటే అక్కడ ఎవరున్నారు? నేను తిట్టవలసిన వాళ్లంతా ఈ కాలువ మీదే ఉన్నారు. నువ్వు, అతను, నాన్న. మోకు ఎవరు లాగారో అడిగావా అన్నావే, అడగలేదు. ఆ మాట పళ్లకింద రాయిలా ఉంది. రైలు పోయింది.

తిరిగొచ్చేసరికి పడవ అక్కడే ఉంది. "జరుగు" అన్నాను. రెజిస్ జరిగాడు. చుక్కాని నా చేతిలోకి తీసుకున్నాను, తిరిగి ఇవ్వలేదు. దారి పొడుగునా కళ్లు మూసుకుని నడపగలను. చేతులు మాత్రం నొప్పెడుతున్నాయి, ముసలిదాన్నయ్యాను. ఈ ఉత్తరం గాస్పార్‌కి ఇస్తున్నాను, మాకంటే ముందు నీకు చేరుతుంది.

రేపు మధ్యాహ్నానికి వస్తాం. రేవులో అందరి ముందూ నేనే పడవ నడుపుకుంటూ వస్తాను. నన్ను చూడగానే కావలించుకోకు, నీ మీద కోపం ఇంకా అలాగే ఉంది. నీ కోపం కూడా నా కోసం అణచుకోకు, పడతాను. భోజనానికి ముందు నన్ను నాన్న దగ్గరికి తీసుకెళ్లు. రెజిస్ రాకూడదు. దారి అతను చూపిస్తే నేను భరించలేను, నువ్వే చూపించు. నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను. దారిలో ఎవరైనా ఆగి, "ఎవరమ్మా ఈవిడ?" అని అడిగితే నువ్వేమీ చెప్పకు. నేను చెబుతాను.

నీ చెల్లెలు,
లుసెట్