బాబాయి తీసిన స్క్రీన్‌షాట్లు

చిట్టితల్లికి బాబాయి దీవెనలు.

నేను క్షేమమే. నా కుర్చీయే క్షేమంగా లేదు. మా పళ్ళ డాక్టరుగారు అపాయింట్‌మెంట్ల పుస్తకం తీసేసి, ముందు గదిలో నా బల్ల మీద కంప్యూటరు పెట్టించారని చెప్పాను కదా. నెలాఖరుకి అది పట్టుబడకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతానన్నారు. కోపంగా అనలేదు, అందుకే భయంగా ఉంది. ఒంటిగాణ్ణి, ఈ వయసులో నన్ను పిలిచి పని ఎవరిస్తారు.

పేషెంటు పేరు కొట్టగానే తెర మధ్యలో ఒక డబ్బా వచ్చి ఇంగ్లీషులో ఏదో తిడుతోంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపమన్నావు. అదెలాగో రాయి. ఫోనులో నువ్వు చెప్పేది నా చెవిలో పడేలోగా వెళ్ళిపోతుంది. క్లినిక్ మెయిలు డాక్టరుగారు కూడా చూస్తారు కాబట్టి బొమ్మలు మెయిల్లో, మాటలు ఉత్తరంలో.

కుర్చీలో ఉన్నంతవరకు,
మీ బాబాయి

తా.క.: ఆ డబ్బాలో 'ఓకే' అని ఒక్కటే ఉంది. ఏదీ ఓకేగా లేనప్పుడు ఎలా నొక్కను?

*

బాబాయికి నమస్కారాలు.

కంగారు పడకు. కీబోర్డు పై వరసలో కుడివైపు 'ప్రింట్ స్క్రీన్' అనే మీట ఉంటుంది. కింది వరసలో కిటికీ గుర్తున్న మీటని నొక్కి పట్టుకుని, దాన్ని ఒకసారి నొక్కు. తెర ఉన్నదున్నట్టు బొమ్మవుతుంది. 'స్క్రీన్‌షాట్స్' అనే ఫోల్డర్లోకి దానంతటదే వెళ్ళి కూర్చుంటుంది. అది మెయిల్ చెయ్యి.

ఉంటాను,
చిట్టి

తా.క.: ఒకసారి అన్నాను బాబాయ్. అది కాలింగ్ బెల్ కాదు.

*

చిట్టితల్లికి దీవెనలు.

బొమ్మ పంపాను. ఎలా వచ్చింది? ఆ దిక్కుమాలిన డబ్బాని మూసేసి, తెరంతా శుభ్రం చేసి అప్పుడు తీశాను. మొహం కడుక్కోకుండా ఫొటో ఎవరు దిగుతారు.

మీ బాబాయి

తా.క.: ఒకసారే నొక్కాను. తెర కళ్ళు మూసి తెరిచింది. అదే క్షణంలో నేనూ మూశాను. ఇద్దరం కళ్ళు మూసుకుంటే ఏం వస్తుందోనని ఇంకో నాలుగు తీశాను.

*

బాబాయికి నమస్కారాలు.

అన్ని బొమ్మల్లోనూ నీ కంప్యూటరు నిక్షేపంగా ఉంది. పంటి నొప్పితో వచ్చినవాడు నోరు తెరవనంటే మీ డాక్టరుగారు ఏం చేస్తారు? డబ్బా కనిపిస్తుండగానే తియ్యి. పాత బొమ్మలు తీసెయ్యి, లేకపోతే ఏది ఏదో తెలీదు.

చిట్టి

తా.క.: అమ్మ నీ బొమ్మలు చూసి, "మీ బాబాయిది ఎప్పుడూ పొందికే" అంది. ఎగతాళో మెప్పో నేను అడగలేదు.

*

చిట్టితల్లికి దీవెనలు.

డబ్బాతో సహా తీసి పంపాను. అప్పట్నుంచీ మొదలయ్యాయి నా తిప్పలు. బొమ్మ ఎలా వచ్చిందో చూద్దామని తెరిస్తే తెర నిండా పరుచుకుంది. మధ్యలో డబ్బా అలాగే ఉంది. మనసు చంపుకుని 'ఓకే' నొక్కాను, పోలేదు. పేషెంటు పేరు కొడదామంటే అక్షరం పడదు. జనం బుగ్గలు పట్టుకుని నన్నే చూస్తున్నారు. నోరు తెరవలేరు కాబట్టి బతికిపోయాను. సోమవారం డాక్టరుగారు స్వయంగా వచ్చి నా పని చూస్తారట.

దిక్కుతోచని
బాబాయి

తా.క.: పాత బొమ్మలన్నీ తీసేశాను. ముందు జాగ్రత్తగా, తీసేసే ముందు ఒక్కోదాన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

*

బాబాయికి నమస్కారాలు.

నువ్వు నొక్కుతున్నది బొమ్మని. గోడ మీద గీసిన తలుపుని తోస్తే తెరుచుకుంటుందా? పైన కుడి మూలలో ఇంటూ గుర్తుంటుంది. అది నొక్కితే బొమ్మ మూసుకుని అసలు తెర వస్తుంది. డబ్బా సంగతి కూడా తేలింది. పేషెంటు ఫోను నంబరు గడి ఖాళీగా వదిలేస్తున్నావు, అంతే. నీకు అర్థం కావాలని ఆఫీసులో నా కంప్యూటరు తెరనే హడావుడిగా స్క్రీన్‌షాట్ తీసి, ఇంటూ గుర్తు దగ్గర ఎర్ర బాణం గీసి మెయిల్ చేశాను. సోమవారం లోపు చూసుకో.

చిట్టి

తా.క.: బాణం చూడటానికి. నొక్కడానికి కాదు.

*

చిట్టితల్లికి దీవెనలు.

సోమవారం గడిచింది. పొద్దున్నే నీ బాణం బొమ్మ తెరిచి చదువుకుంటుంటే డాక్టరుగారు వచ్చేశారు. నన్ను లేవమని నా కుర్చీలో కూర్చున్నారు. బాణం చూపించిన ఇంటూ గుర్తు నొక్కారు. మూసుకోలేదు. మళ్ళీ నొక్కారు. నీకు చెప్పొద్దూ, నాకు జాలేసింది. "అది బొమ్మండీ" అనబోతుంటే చెయ్యెత్తి ఆపి, తెర కింది మూలకి వంగి పైకి చదివారు. నువ్వు మీ అమ్మతో చేసిన చాటింగు కూడా బొమ్మలో పడింది.

"అమ్మా, ఆ కుర్చీ పోతే బాబాయి బట్టలు సర్దుకుని మనింటికే వస్తాడు. నా గది పోతుంది. లేకపోతే ఇంత ఓపిగ్గా ఎవరు నేర్పుతారు."

పేషెంట్లు కూడా విన్నారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కష్టం కూడా వేసింది, అబద్ధమెందుకు. డాక్టరుగారు లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని, "కూర్చోవయ్యా. నిన్ను పంపించి ఆ అమ్మాయి ఉసురు నేనెందుకు పోసుకోవాలి" అన్నారు. నెలాఖరు మాట మళ్ళీ ఎత్తలేదు. నీ గది నీకే ఉంది, నిశ్చింతగా ఉండు.

మీ బాబాయి

తా.క.: దాని కింద మా వదిన ఇచ్చిన జవాబు, "వస్తే రానీవే, మీ బాబాయి ఉంటే" అన్నచోట బొమ్మ అంచున తెగిపోయింది. ఆ తర్వాత ఏముందో రాయి. మంచి మాట కాకపోయినా రాయి. కుర్చీ ఉంది కదా, కూర్చునే చదువుకుంటాను.