నా దగ్గు తర్వాత ట్యూబా

ఫిబ్రవరి 2

మధ్యగదిలో మంచం లేదు. మనవరాలు పొద్దున్నే సామానుతో దిగి, మంచాన్ని నా గదిలోకి తోసి, ఇంట్లో ఉన్న పరుపులన్నీ తెచ్చి గోడలకు నిలబెట్టింది. ఎందుకే అంటే, సౌండ్ బయటికి పోకుండా అంది. లోపలుండే నా మాటేమిటన్నాను. అమ్మమ్మా, నువ్వు కాస్త... ఓర్చుకో అంది.

దాని మాటతీరు చిన్నప్పటినుంచీ అంతే. చివరి మాట ముందు ఆగుతుంది, అనాలా వద్దా అని లోపల ఎవరినో అడిగి వచ్చినట్టు. మాటలు నేర్చిన కొత్తలోనే మొదలుపెట్టింది: పాలు... వద్దు.

ఆల్బమ్ చేస్తుందట. ఏ కంపెనీ అండా లేకుండా, సొంతంగా. ఆఫీసుకు మే నెలాఖరు దాకా సెలవు పెట్టింది. దాని ఉద్యోగం ఏమిటో ఇక్కడ రాసుకోవాలి, లేకపోతే రేపు నేనే నమ్మను. ఫోన్ చేసినవాళ్ళను లైన్లో ఆపినప్పుడు వినిపిస్తారే, ఆ సంగీతం తయారుచెయ్యడం. బ్యాంకుకు ఫోన్ చేసినప్పుడల్లా నేను పళ్ళు నూరుతూ విన్నది సాక్షాత్తు నా మనవరాలి ప్రతిభనే.

ఫిబ్రవరి 3

కూతురు ఫోన్ చేసింది. దానికి కాస్త బుద్ధి చెప్పమ్మా అంది. నేను కాలేజీలో చెప్పింది కెమిస్ట్రీ, బుద్ధి వేరే డిపార్ట్‌మెంటు అన్నాను. ఈ ఆల్బమ్ తేలకపోతే జూన్‌లో మళ్ళీ ఆ ఉద్యోగంలోకే పోతుంది, ఇంక జన్మలో పాట జోలికి రాదు, అది నీకు సమ్మతమేనా అని అడిగాను. ఏం, మంచిదే కదా అంది. ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ పోయిందని తర్వాత మెసేజ్ పెట్టాను.

ఫిబ్రవరి 6

సౌండ్ ఇంజనీర్ వచ్చాడు. చెవులాయన అని పేరు పెట్టాను. పక్కగదిలో బల్బు గుయ్‌మంటోందంటాడు. ఫ్రిజ్ గొణుగుతోందని ఆపించాడు, పాలు విరిగాయి. ఇంత చెవి ఉన్న మనిషి, భోజనానికి పిలిస్తే మాత్రం వినపడదు.

ఫిబ్రవరి 9

ఇవాళ గైడ్ అంటే ఏమిటో తెలిసింది. ముందు మనవరాలే పాటలన్నీ పాడేస్తుంది. వాయించడానికి వచ్చే అతిథులు ఆ గొంతును హెడ్‌ఫోన్స్‌లో వింటూ తమ వంతు వాయిస్తారు. అందరిదీ అయ్యాక దీని గొంతు తీసిపారేసి, అసలు గాయని చేత పాడిస్తారు. కట్టే ఇంటికి పరంజా లాంటిదన్నాడు చెవులాయన.

ఆల్బమ్ మీద పేరు నీది, లోపల గొంతు ఇంకొకరిదా అన్నాను. నా గొంతు... బాగోదు అంది. ఎవరే అన్నది అంటే, ఎవరో అనాలా, నాకు వినపడదా అంది. అద్దంలో చూసుకుని నచ్చలేదని ముసుగేసుకుని ఫొటో దిగేవాళ్ళను నేనింతవరకు చూడలేదు. పెద్ద గాయని ఒకావిడ ఏప్రిల్‌లో వస్తుందట. పెద్ద గాయని పేరు ఉంటేనైనా నలుగురూ వింటారని దీని ఆశ.

మధ్యగదినిండా వైర్లు పరిచి ఉన్నాయని గైడ్ హాల్లోనే పాడింది. నేను హాల్లోనే ఉన్నాను, నా ఇల్లు కాబట్టి. వారం నుంచి నాకు పొడిదగ్గు. లేచి వెళ్ళనా అంటే, ఫర్వాలేదు అమ్మమ్మా, ఎలాగూ పారేసేదే కదా అంది. పారేసేదే అయితే నాకేం మొహమాటం? సుష్టుగా దగ్గాను. కెటిల్ పెట్టుకున్నాను, అది ఈల వేసింది. అల్మారా తలుపు దానంతటదే కొట్టుకుంది. ఆఖరి పాట మరీ సాగదీస్తుంటే, ఇంకా ఎంతసేపే అని కూడా అన్నాను.

చెవిలో టిక్కుటిక్కుమని తాళం వినిపించే యంత్రం ఒకటి ఉంటుంది. అది పెట్టుకునే పాడాలన్నాడు చెవులాయన. ఇది పీకి అవతల పెట్టింది. ఎవరో లైన్లో వెయిట్ చేస్తున్నట్టు ఉంటుందట.

పాటల సంగతి. మొత్తం తొమ్మిది. ఒకటి మర్చిపోయిన పాస్‌వర్డ్ మీద. ఇంకొకటి జత తప్పిన మేజోడు మీద. మూడోది లిఫ్టులో ఇరుక్కుపోయిన మనిషి. ‘తలుపు తెరుచుకుంటే నేను... దిగుతాను’ అని పదేపదే వస్తుంది. నాకదే నచ్చింది. చెప్పలేదు. చెబితే ఇంకో పది నిమిషాలు పెంచుతుంది.

ఫిబ్రవరి 20

మొదటి అతిథి ట్యూబా. పొట్ట మీద పెట్టుకుని ఊదే ఇంతలావు ఇత్తడి బాకా. అది, దాని యజమాని కలిసి గుమ్మంలో పట్టలేదు. ముందు అది వచ్చింది, తర్వాత ఆయన. ఇత్తడాయన వృత్తికి పళ్ళ డాక్టరు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళలోకి చూడలేదు, పళ్ళలోకి చూశాడు. ఎడమవైపు కింద ఒకటి పీకించుకోవాలన్నాడు. మీరు ముందు ఊదండి అన్నాను. ఊదితే షెల్ఫులో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

ఫిబ్రవరి 27

ఇవాళ రంపం ఆవిడ. వడ్రంగి రంపాన్నే మోకాళ్ళ మధ్య బిగించి, వంచి, వయొలిన్ కమానుతో రాస్తుంది. ఏడవడం సరదా అయి ఏడుస్తున్నట్టుంటుంది. మా ఇంట్లోనూ ఒకటి ఉందని చెప్పాను. మా ఆయన కొన్నది, దాంతో పుల్ల కూడా కొయ్యలేదు. ఆవిడ దాన్ని తట్టి చూసి, వంచి చూసి, మీవారు భలే రంపం కొన్నారండీ, శ్రుతి ఎంత శుద్ధంగా ఉందో అంది. పాస్‌వర్డ్ పాటంతా దాని మీదే వాయించింది. పోయిన పదేళ్ళకు ఆయన వస్తువు ఒకటి పనిలోకి వచ్చింది.

మార్చి 5

వాషింగ్ మెషీన్‌ను రికార్డు చేశారు. నా దుప్పట్లు లోపలే ఉన్నాయి.

మార్చి 14

వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎవరు ఏం వాయిస్తానన్నా మనవరాలు సరే అంటుంది. కాదు అనే మాట దాని నోట పుట్టలేదు. నిన్న ఒకతను రెండు బెలూన్లు తెచ్చి రుద్దాడు. లిఫ్టులో ఎనిమిదిమందికి మించి ఎక్కకూడదని రాసి ఉంటుంది. దీని లిఫ్టు పాటలో పదకొండుమంది ఎక్కారు.

మార్చి 22

డాక్టరు సిరప్ రాసిచ్చాడు. దగ్గు చేత్తో తీసేసినట్టు పోయింది. ఈ ఇంట్లో ఈ నెల పద్ధతిగా జరిగిన పని ఇదొక్కటే.

ఏప్రిల్ 7

పెద్ద గాయని నిన్నా ఇవాళా వచ్చి పాడింది. సొంత మంచినీళ్ళు, సొంత దిండు, తలుపు తియ్యడానికి సొంత మనిషి. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, గొంతు పట్టుబట్ట. తొమ్మిది పాటల్లో ఒక్క తప్పు లేదు, ఒక్క చోట ఆగలేదు. ‘తలుపు తెరుచుకుంటే నేను దిగుతాను’ అని గబుక్కున దిగిపోయింది. అలా దిగిపోయేదానికి పాట ఎందుకు?

మనవరాలు చప్పట్లు కొట్టింది. ఎంత... బాగుందో అంది. మొహం చూస్తే మాత్రం ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి అప్పగించినదానిలా ఉంది.

ఏప్రిల్ 9

చెవులాయన గైడ్ తీసేసి, పెద్ద గాయని గొంతు పెట్టి, అతిథులందరినీ కలిపి వినిపించాడు.

ఏం చెప్పను. ఆవిడ వాక్యం ముగించి పోయాక ట్యూబా వచ్చింది, కదిలిపోయిన బస్సు వెనక పరిగెత్తే మనిషిలా. దాని వెనక బెలూన్లు. పాస్‌వర్డ్ పాటలో ఆవిడ ఒక శ్రుతిలో, మా ఆయన రంపం వేరే శ్రుతిలో. ఎవరికివారు బాగానే వాయించారు, కాని ఒక్కరూ సమయానికి లేరు. చెవులాయన కూర్చుని ఒక్కొక్కరినీ వెనక్కీ ముందుకీ జరిపాడు. సాయంత్రానికి ఒక పాటలో సగం కుదిరింది. అది కూడా కుదిరిందని ఆయన అంటే తెలిసింది.

ఏప్రిల్ 10

పొద్దున మనవరాలు ఆఫీసుకు ఫోన్ చేసింది, సెలవు రద్దు చేసుకుని ముందే వచ్చేస్తానని చెప్పడానికి. లైన్లో ఉండమన్నారు. అది చేసిన సంగీతమే దానికి వినిపించారు. నేను ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. చెవికి ఫోన్ ఆనించుకుని అలాగే విన్నది. బఠాణీలన్నీ అయిపోయాయి. ఎవరూ ఎత్తలేదు. ఫోన్ పెట్టేసి, అమ్మమ్మా, ఇది చాలా... ఘోరం అంది.

చాలా ఏళ్ళుగా చెబుతున్నానే అన్నాను.

ఏప్రిల్ 11

ప్రయోగం తప్పితే ముందు సీసాలు చూడాలి. ఇంతకాలం పిల్లలకు అదే చెప్పాను. పన్ను నొప్పిగా ఉందని అబద్ధం చెప్పి ఇత్తడాయనను పిలిపించాను. లిఫ్టు పాటలో మీరు ఎప్పుడు ఊదాలో మీకెలా తెలిసిందండీ అని అడిగాను. ఏముందండీ, దగ్గు తర్వాతే కదా అన్నాడు.

ఏ దగ్గు?

ఆ అమ్మాయి ‘నేను’ అని ఆగుతుంది, ఎవరో దగ్గుతారు, తర్వాత ‘దిగుతాను’ అంటుంది, దాని మీద నేను వస్తాను అన్నాడు. ఎవరిదో గాని చాలా మోడర్న్ ఐడియా అనుకున్నానండీ అన్నాడు. ఆ ఐడియా మీ ఎదురుగానే ఉందన్నాను. లేచి నిలబడ్డాడు పాపం.

రంపం ఆవిడకు ఫోన్ చేశాం. ఆవిడ కెటిల్ ఈలకు రంపాన్ని శ్రుతి చేసుకుందట. బెలూన్లతను అల్మారా తలుపు చప్పుడు విని మొదలుపెట్టేవాడట. టిక్కుటిక్కు ఎవరి చెవిలోనూ లేదు. ఉన్నది ఈ పిల్ల గొంతే. అది ఆగినచోట అందరూ ఆగారు, అది ఊపిరి తీసుకున్నచోట తీసుకున్నారు. గైడ్ తీసేస్తారని వచ్చినవాళ్ళకు ఒక్కరూ చెప్పలేదు, తెలిసిన విషయమే కదా అని. అదే అసలు గొంతనుకున్నారు. పెద్ద గాయని సంగతి చెబితే, ముందు పాడిన అమ్మాయికి ఒంట్లో బాగోలేదా, వేరే ఆవిడను ఎందుకు పెట్టారు అని అడిగాడు ఇత్తడాయన. ముందు పాడిన అమ్మాయి ఆయన పక్కనే నిలబడి గోళ్ళు కొరుకుతోంది.

నేను కెమిస్ట్రీ మనిషిని, ఇళ్ళు కట్టడం తెలియదు. తీస్తే ఇల్లు కూలేదాన్ని పరంజా అనరని మాత్రం తెలుసు. ఆ మాట చెవులాయన వైపు తిరిగి అన్నాను. దానికి వినపడాలని.

వెళ్ళేముందు ఇత్తడాయన నిజంగానే నా పన్ను చూశాడు. పీకించుకోవాలట.

ఏప్రిల్ 13

మనవరాలు ఒప్పుకుంది, సగం. పరుపుల గదిలో తలుపు వేసుకుని తొమ్మిదీ మళ్ళీ శుభ్రంగా పాడతానంది. పాడింది. ఇంటర్వ్యూకు వచ్చినట్టు పాడింది. ఎక్కడా ఆగకుండా, తడబడకుండా. ఒక్క పాటా అతకలేదు. మధ్యలో దగ్గమన్నారు. దగ్గాను. సిరప్ తాగిన దగ్గు, గొంతు సవరించుకున్నట్టు వచ్చింది. చెవులాయన తల అడ్డంగా ఊపాడు. పాతదే ఉంచాలన్నాడు, కెటిల్‌తో సహా.

సాయంత్రం పాత గైడ్ మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. మనవరాలు తన గొంతు మొత్తం వినడం ఇదే మొదటిసారి. మొదటి పాటకు చెవులు మూసుకుంది. రెండో పాటకు ఒక చెవి తెరిచింది. మూడో పాటలో నేను దగ్గగానే నవ్వింది. తొమ్మిదో పాటలో, ఇంకా ఎంతసేపే అని నేను అరిచేసరికి కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వో ఇంకొకటో.

అమ్మమ్మా, బాగానే... ఉంది కదా అంది.

వంట చెయ్యాలని లేచాను.

ఏప్రిల్ 14

పెద్ద గాయనికి ఎవరు చెప్పాలి? చెవులాయనకు ఉన్నట్టుండి వైర్లలో పనిపడింది. నన్ను చెప్పమంది. పాడేది నువ్వా నేనా అన్నాను. ఫోన్ తీసుకుని పరుపుల గదిలోకి పోయింది. పరుపులు నిలబెట్టిన శ్రమంతా దండగ, ఒక్కో మాటా వినపడింది. అమ్మా క్షమించండి, నా పాటలు నేనే... పాడుకుంటాను.

బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఏమందే అన్నాను. ఆవిడ నవ్విందట. మొదటిరోజే అనుకున్నానమ్మా, గైడ్ అంత బాగుంటే నన్నెందుకు పిలిచారా అని, అందట. ఊరికే పోవడం ఇష్టం లేదు, లిఫ్టు పాటలో వెనక ఎక్కడో నిలబడి ఊఁ అంటాను అందట. పన్నెండో మనిషి.

మే 6

కూతురు ఆల్బమ్ మొత్తం విన్నానని ఫోన్ చేసింది. చివర అరిచింది నువ్వేనా అంది. నేనే అన్నాను. దాని గొంతు వింటుంటే నాకు... ఏడుపొచ్చింది అంది.

ఇదా సంగతి. మనవరాలికి ఆ ఆగడం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

మే 11

కవరు మీద అతిథి కళాకారుల పేర్లు వేస్తున్నారు. నాది రంపానికీ ట్యూబాకూ మధ్యన. దగ్గు, కెటిల్, అల్మారా: అమ్మమ్మ. కెటిల్ ఈల నేను వెయ్యలేదని అభ్యంతరం చెప్పాను. పెట్టింది నువ్వే కదా అంది. అల్మారా సంగతి ఇక అడగలేదు.

మే 23

వచ్చే శనివారం అతిథులందరితో స్టేజీ మీద ప్రోగ్రాం. వినేవాళ్ళు వస్తే సోమవారం ఆఫీసుకు రాజీనామా పంపుతుందట, లేకపోతే తనను తానే పంపుకుంటుందట. నాకు ఒక కుర్చీ, ఒక మైక్. మూడో పాటలో దగ్గాలి.

దగ్గు లేదు. మిరియాలు వాసన చూశాను, తుమ్ము వచ్చింది. అటక దులిపాను, ఏమీ కాలేదు, అటక శుభ్రమైంది. డాక్టరుకు ఫోన్ చేసి, దగ్గు రావడానికి ఏమైనా రాస్తారా అంటే, ఒకసారి వచ్చి చూపించుకోండి అన్నాడు, ఏ జబ్బుకో చెప్పలేదు. ఇత్తడాయన దిగులు పడుతున్నాడు. దగ్గు వినకపోతే ఆయనకు పెదవి కదలదట.

మే 30, రాత్రి 9

హాలు నిండింది. మూడో పాట. ‘తలుపు తెరుచుకుంటే నేను...’ అని ఆగింది. అందరూ ఆగారు. ఇత్తడాయన బుగ్గల నిండా గాలి పట్టి నా వైపే చూస్తున్నాడు. దగ్గు రాలేదు. అదీ నా వైపే చూసింది.

దిగవే, అన్నాను మైకులో.

దిగింది. ట్యూబా వచ్చింది.

ఇంటికొచ్చే దారిలో దగ్గు మొదలైంది.