బోర్డు దింపించి, ఒక మిషను తిరిగి ఇప్పించమని

మహిళా విద్యా విభాగం అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వయోజన మహిళల తరగతికి తమరు దయచేసిన బోర్డును తొలగించి, తీసుకుపోయిన కుట్టుమిషన్లలో ఒకటి తిరిగి ఇప్పించుట గురించి.

1. ఈ తరగతి ఉపాధ్యాయినిని నేను. వీధివారు దీనిని కుట్టు తరగతి అనుకునేవారు, అనుకోనిచ్చాము. ఒకరు కిటికీ పక్కన దారం ఎక్కించని మిషను తొక్కుతూ ఉంటే, ఆ చప్పుడు చాటున మిగతావారు ఇంట్లో తిన్న దెబ్బల గురించి మాట్లాడుకునేవారు, చట్టం చదువుకునేవారు. చంకలో గుడ్డముక్క ఉన్నంతకాలం ఏ భర్తా అడ్డు చెప్పలేదు.

2. తనిఖీకి వచ్చిన తమరు దారం లేని మిషన్లు చూసి, నిరుపయోగమని రాసి, వేరే విభాగానికి తరలించారు. మా కృషిని మెచ్చి, వీధివైపు "గృహహింస నివారణ తరగతి" అని ఎర్ర అక్షరాల బోర్డు పెట్టించారు. మెప్పుకు కృతజ్ఞురాలిని. మరునాటి నుంచి గదిలో నేనూ కుర్చీలూ మిగిలాము.

3. ఒక అత్తాకోడళ్లు కలిసి వచ్చేవారు. అత్తగారు ఒకనాడు మిషను తొక్కడం ఆపి, "మా అత్త నన్ను ఓర్చుకోమంది, నేను దీన్ని ఓర్చుకోమన్నాను. మనవరాలికి మాత్రం ఆ మాట చెప్పను" అన్నారు. అప్పటి నుంచి కొడుకు చెయ్యెత్తినప్పుడల్లా ఆమే అడ్డం నిలబడ్డారు. బోర్డు వచ్చాక టీకొట్టు దగ్గర నలుగురూ ఆ కొడుకును, "ఏం బావా, ఇంటిల్లిపాదీ నీ మీదే చదువుతున్నారటగా" అని ఆటపట్టించారు. ఆ నవ్వులకు అతను ఇంట్లో బదులు చెప్పాడు. తల్లిని గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. కోడలి మణికట్టు విరిగింది.

కబురందుకుని ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు అడిగితే అత్తగారు తల వంచుకుని, జారిపడిందన్నారు. డాక్టరు మనవరాలిని అడిగారు. ఆ పిల్ల నానమ్మ ముఖం చూసి, "జారిపడింది" అంది.

4. ఓర్చుకోమనే ఆ మాట మనవరాలి తరానికి చేరకూడదనే ఈ తరగతి. చేర్చిన ఖ్యాతి తమ బోర్డుది.

కావున బోర్డు తొలగించి, ఒక్క మిషను ఇప్పించ ప్రార్థన. సూది లేకపోయినా ఫరవాలేదు, చప్పుడు ఉంటే చాలు. ఆలస్యమైతే నష్టపోయేది నేను కాదు, ఆ పిల్ల. తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
తరగతి ఉపాధ్యాయిని

మరొక మనవి: ఇది కవరులో పెడుతుండగా అత్తగారు వెనక తలుపున వచ్చారు, చేతిలో తడి దుప్పటి. ఉతకడానికని ఇంట్లో చెప్పారట. బోర్డు గురించి అర్జీ పెడుతున్నానన్నాను. "వాళ్లు చదివేసరికి పిల్లకు పెళ్లీడు వస్తుంది, టీచరమ్మా" అని, దుప్పటిని బోర్డు మీద ఆరేసి, వెంట వచ్చిన కోడల్నీ మనవరాల్నీ లోపలికి పంపారు. దుప్పటి ఎప్పుడో ఆరిపోయింది. తీయలేదు. తీయను.